సిగ్నల్ నిండా ఉంది, నెట్ మాత్రం లేదు

ఫోన్ పైమూల గీతలన్నీ నిండుగా ఉంటాయి. కాల్ కలుస్తుంది, ఎస్సెమ్మెస్ వస్తుంది. మ్యాపు మాత్రం తెరుచుకోదు. బ్యాంకు ఆప్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది, టాక్సీ ఆప్ తెల్ల కాగితంలా ఉండిపోతుంది. ఉక్రెయిన్ యుద్ధరంగానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రష్యన్ ఊళ్లలో 2025 వేసవి నుంచి యుద్ధం ఎక్కువగా తగిలేది ఇలాగే.

యుద్ధం అనే మాట అక్కడ చూసి వాడాలి. అధికారికంగా అది ‘ప్రత్యేక సైనిక చర్య’, రష్యన్‌లో పొడి అక్షరాల్లో ‘ఎస్వేఓ’. 2022 మార్చి 4న వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి ‘అబద్ధాలు’ ప్రచారం చేస్తే 15 ఏళ్ల దాకా జైలు. సైన్యం పరువు తీశారంటే మొదటిసారికి 30 వేల నుంచి 50 వేల రూబుళ్ల జరిమానా. అందుకే నెట్ పోయినప్పుడు జనం ఎందుకు పోయిందో మాట్లాడుకోరు. ‘గ్లూషత్’ అంటారు, అంటే నొక్కేస్తున్నారు అని. ఎవరు, ఎందుకు అన్నది ఎవరికి వారు పూరించుకోవాలి.

ఆపేది టవర్‌ని కాదు, డేటాని. 2025 మే నెలలో, రెండో ప్రపంచయుద్ధ విజయ దినోత్సవం 80వ వార్షికోత్సవం రోజుల్లో, మాస్కోతో సహా చాలాచోట్ల మొబైల్ ఇంటర్నెట్ ఆపారు. తర్వాత అది ప్రాంతాలన్నిటికీ పాకింది. కొన్నిచోట్ల రాత్రిపూట, కొన్నిచోట్ల రోజంతా, కొన్నిచోట్ల వారాల తరబడి. ఉల్యానోవ్స్క్‌లో అయితే ఈ ఆంక్షలు ‘ఎస్వేఓ’ ముగిసేదాకా ఉంటాయని 2025 నవంబరులో అధికారులు చెప్పేశారు. చెప్పే కారణం డ్రోన్లు. డ్రోన్‌లో మామూలు మోడెమ్, ఒక సిమ్ పెడితే అది దారిలోని టవర్లనే వాడుకుని వీడియో పంపగలదు, ఆదేశాలు అందుకోగలదు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లోంచి డ్రోన్లు లేపి లోతట్టు వైమానిక స్థావరాలను కొట్టిన తర్వాత ఈ భయం బాగా పెరిగింది. అయితే ముందే దారి నింపుకుని, నెట్ అవసరం లేకుండా ఎగిరే డ్రోన్‌కి ఈ కోత ఏ అడ్డూ కాదు. దెబ్బ తగిలేది ఎక్కువగా కూరల బజారులో కార్డు గీసేవాళ్లకే.

ఇంటికి వచ్చే ఫైబర్ వైరు జోలికి మాత్రం సాధారణంగా పోరు. కాబట్టి నియమం ఒక్కటే: నెట్‌తో చేయాల్సిందంతా గడప దాటకముందే చేసుకోవాలి. టాక్సీ ఇంటి వైఫైలో ఉండగానే పిలవాలి, డ్రైవర్ ఫోన్ నంబరు, బండి నంబరు రాసుకోవాలి. కిందికి దిగాక ఆప్ తెరుచుకోదు, ఆయన ఏ పక్క ఆగాడో తెలీదు. మ్యాపుకి 2గిస్ వాడాలి. నోవొసిబీర్స్క్‌లో పుట్టిన ఈ ఆప్‌లో ఊరు మొత్తం ఫోన్లోకి దింపుకోవచ్చు, ఏ భవనానికి ఏ గుమ్మం ఎటువైపు ఉందో నెట్ లేకుండానే చూపిస్తుంది. రైలు టికెట్ పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఆన్‌లైన్ దుకాణం ఓజోన్ నుంచి పార్సిల్ తెచ్చుకోవాలంటే బార్‌కోడ్ స్క్రీన్‌షాట్ ముందే తీసుకోవాలి. కెఫేలో వైఫై ఉంది కదా అనుకుంటే, బహిరంగ వైఫైకి ఫోన్ నంబరుతో గుర్తింపు తప్పనిసరి. ఎస్సెమ్మెస్ కోడ్ రాకపోతే అదీ లేదు. మాస్కోలో మెట్రోకి ‘త్రోయ్కా’ కార్డు జేబులో ఉంటే చాలు. డబ్బు కార్డులోనే నమోదై ఉంటుంది కాబట్టి ఫోన్‌తో పనే లేదు.

నగదు ఎంత పెట్టుకోవాలన్నదానికన్నా ఏ నోట్లు పెట్టుకోవాలన్నది ముఖ్యం. 5,000 రూబుళ్ల నోటు మార్షుత్కా, అంటే షేర్ మినీబస్సు, డ్రైవర్ ముందు పెడితే ఆయన నోటు వంక కాదు, మీ వంక చూస్తాడు. 100, 200, 500 నోట్లు కలిపి ఒక రోజు ఖర్చుకు సరిపడా ఉండాలి.

2025 సెప్టెంబరులో ‘బేలియె స్పీస్కి’ వచ్చాయి, అంటే తెల్ల జాబితాలు. డేటా ఆపినా ఈ జాబితాలో ఉన్న సైట్లు మాత్రం తెరుచుకోవాలి. మొదటి జాబితాలో ప్రభుత్వ సేవల ‘గోస్‌ఉస్లూగి’, సామాజిక మాధ్యమాలు వీకే, ఒద్నొక్లాస్నికి, ఈమెయిల్ సేవ మెయిల్.రు, దేశీయ మెసెంజర్ మాక్స్, వెతుకులాట, టాక్సీ లాంటి యాండెక్స్ సేవలు, ఆన్‌లైన్ దుకాణాలు ఓజోన్, వైల్డ్‌బెర్రీస్, ప్రకటనల సైటు అవీతో, వీడియోల సైటు రూట్యూబ్, దేశీయ కార్డు చెల్లింపుల వ్యవస్థ మీర్ ఉన్నాయి. తర్వాత విడతలవారీగా పెంచుతూ వచ్చారు. మామూలుగా నిరోధించే జాబితా చూశాం. ఇది దానికి తలకిందులు: పేరు ఉన్నవే ఉన్నట్టు, మిగతా ప్రపంచం లేనట్టు. పైగా ఇది అన్ని ఊళ్లలో, అన్ని ఆపరేటర్ల దగ్గరా ఒకేలా పనిచేయదు. నిషేధించిన సైట్లు చూడడానికి వాడే వీపీఎన్‌ని ఆన్‌లో మరిచిపోతే జాబితాలోని సైటు కూడా తెరుచుకోదు. వీపీఎన్ సర్వర్ చిరునామా ఆ జాబితాలో లేదు కదా. ముందు దాన్ని ఆపి చూడాలి.

ఇక డబ్బు. దుకాణంలో చెల్లింపు ఆగిందంటే ఎక్కడ ఆగిందో చూడాలి. క్యూఆర్ కోడ్‌తో చెల్లిస్తే, అంటే ‘ఎస్‌బేపే’ అనే తక్షణ చెల్లింపు వ్యవస్థలో, కొనేవాడి ఫోన్‌కి నెట్ కావాలి. కార్డు తాకిస్తే కొనేవాడికి నెట్ అక్కర్లేదు, దుకాణం మెషీన్‌కి ఉంటే చాలు. పెద్ద సూపర్ మార్కెట్లలో మెషీన్ వైరు మీద ఉంటుంది, అక్కడ కార్డు ఆగదు. బజారు కొట్టు, కొరియర్ కుర్రాడు, మార్షుత్కా, వీళ్ల మెషీన్లలో ఉండేది సిమ్. తెరమీద ‘న్యెత్ స్వ్యాజి’, అంటే కనెక్షన్ లేదు అని వస్తుంది. అక్కడ ఎంత సేపు తాకించినా లాభం లేదు. అందుకే ఫోన్‌తో చెల్లించే అలవాటున్న వాళ్లు కూడా ప్లాస్టిక్ కార్డుని మళ్లీ పర్సులోకి చేర్చుకున్నారు.

స్బేర్‌బ్యాంక్ ఖాతా ఉన్నవాళ్లకి పాతకాలపు దారి ఒకటి ఉంది: 900 నంబరుకి ఎస్సెమ్మెస్. ‘పెరెవోద్’ (బదిలీ) అని రష్యన్‌లో రాసి, ఖాళీ వదిలి అవతలివాళ్ల ఫోన్ నంబరు, మళ్లీ ఖాళీ వదిలి మొత్తం రాసి పంపితే నిర్ధారణ కోడ్ వస్తుంది. దాన్ని తిరిగి పంపితే డబ్బు వెళ్తుంది. డేటా ఒక్క బైట్ కూడా అక్కర్లేదు. కాకపోతే ఈ సేవ ముందే ఆన్ చేసి ఉండాలి, రోజుకి ఇంతని పరిమితి ఉంటుంది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక అందరూ మరిచిపోయిన ఈ పద్ధతి ఇప్పుడు బజార్లో టమాటాలు కొనడానికి పనికొస్తోంది.

దుకాణదారుడికి ఇంకో తలనొప్పి ఉంది. 54వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి రసీదు క్యాష్ మెషీన్ నుంచి ఒక మధ్యవర్తి సంస్థ ద్వారా పన్నుల శాఖకు చేరాలి. నెట్ లేకపోయినా రసీదు ప్రింటవుతుంది, మెషీన్‌లోని ఫిస్కల్ మెమరీలో, అంటే పన్ను లెక్కల చిప్‌లో, నిలవ ఉంటుంది. కానీ 30 రోజులు దాటినా ఒక్క రసీదు వెళ్లకుండా మిగిలిందంటే ఆ మెమరీ తాళం వేసుకుంటుంది, అమ్మకం ఆగిపోతుంది. వారాల తరబడి నెట్ లేని ఊళ్లో, సిమ్ మీదే నడిచే కియోస్కు వాడు చేయాల్సింది ఏమిటంటే, వారానికోసారి మెషీన్‌ని ఇంటికి మోసుకెళ్లి వైఫైకి తగిలించి, ‘పంపని పత్రాలు’ అన్న లెక్క సున్నా అయ్యేదాకా వదిలేయడం.

వీసా, మాస్టర్‌కార్డు వెళ్లిపోయాయి కదా, ఆ కార్డులు ఇంకా ఎలా పనిచేస్తున్నాయని చాలామంది అడుగుతారు. జవాబు 2014లో ఉంది. క్రిమియాని రష్యా కలుపుకున్న తర్వాత కొన్ని రష్యన్ బ్యాంకుల కార్డులు ఆ ఏడాది మార్చిలో ఉన్నట్టుండి ఆగిపోయాయి. దాంతో ‘ఎన్ఎస్‌పీకే’ అనే జాతీయ చెల్లింపు సంస్థను పెట్టి, 2015 నుంచి దేశం లోపలి లావాదేవీలన్నిటినీ, కార్డు మీద ఏ బొమ్మ ఉన్నా, దాని గుండానే మళ్లించారు. అందుకే 2022 మార్చి 10న రెండు కంపెనీలూ ఆపేసినా దేశంలో ప్లాస్టిక్ ఆగలేదు. గడువు తీరిన కార్డులను కూడా బ్యాంకులు పొడిగించాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కార్డు మీదున్న పాత తేదీనే కొట్టాలి. సరిహద్దు దాటితే మాత్రం ఆ కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఇటునుంచి అటు కూడా అంతే: బయటి దేశంలో ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డు రష్యాలో ఏ మెషీన్‌లోనూ పనిచేయవు. వెళ్లేవాళ్లు డాలర్లో యూరోలో నగదుగా తీసుకెళ్లాలి. చిరుగులు, పెన్ను గీతలు, ముద్రలు ఉన్న నోట్లను బ్యాంకు వెనక్కి ఇవ్వొచ్చు, లేదా కమిషన్ కోయొచ్చు.

ఆపిల్ పే, గూగుల్ పే 2022 మార్చిలోనే పోయాయి. ఆండ్రాయిడ్ వాళ్లకి ‘మీర్ పే’ దొరికింది. ఐఫోన్ వాళ్లకి బ్యాంకులు స్టిక్కర్ ఇచ్చాయి. ఇది ఫోన్‌తో ఏ సంబంధమూ లేని చిన్న కార్డు, వెనక జిగురు, లోపల చిప్, యాంటెన్నా చుట్ట. ఫోన్ వెనక అంటించి మెషీన్‌కి తాకిస్తే ఫోన్‌తో చెల్లించినట్టే కనిపిస్తుంది. అయస్కాంతపు ఛార్జర్ ఆనే మధ్యభాగంలో అంటించకూడదు, వేడికి చిప్ పోతుంది, ఛార్జింగ్ కూడా సరిగ్గా ఎక్కదు. అడుగు అంచు దగ్గర నయం. ఫోన్ కవర్‌లో ఇంకో కార్డు దాచుకునే అలవాటుంటే మెషీన్ రెండిటినీ చూసి తికమకపడి రెండిటినీ వద్దంటుంది. ఫోన్ పోతే స్టిక్కర్‌ని విడిగా బ్లాక్ చేయించాలన్నది చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. దానికి ఫోన్ తాళంతో పనిలేదు మరి.

పాశ్చాత్య దేశాల ఆంక్షలు పడ్డ బ్యాంకుల ఆప్‌లు ఆపిల్ స్టోర్ నుంచి తీసేస్తారు. బ్యాంకులేమో వేరే పేరు పెట్టి, ఖర్చుల లెక్క రాసుకునే ఆప్ అన్నట్టు మళ్లీ ఎక్కిస్తాయి. కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటుంది. ఈలోపు దింపుకున్నవాళ్లది అదృష్టం. దింపుకున్నాక చేయాల్సిన మొదటి పని: సెట్టింగ్స్‌లో ఆప్ స్టోర్ తెరిచి, వాడని ఆప్‌లను తొలగించే అమరికను ఆపేయడం. లేకపోతే జాగా తక్కువైనప్పుడు ఐఫోన్ దాన్నే తీసేస్తుంది, మళ్లీ దింపుకోవడానికి స్టోర్‌లో ఉండదు. కొత్త ఫోన్‌కి మారినా అదే కష్టం. అప్పుడు బ్యాంకు శాఖకు వెళ్తే ఉద్యోగి కేబుల్ తగిలించి ఎక్కించి ఇస్తారు. ఆండ్రాయిడ్‌కి ఈ గొడవ తక్కువ, 2022 మే నుంచి దేశీయ స్టోర్ ‘రూస్టోర్’ ఉంది.

సిమ్ సంగతి ప్రయాణం చేసేవాళ్లకి బాగా తెలియాలి. 2025 అక్టోబరు 6 నుంచి విదేశీ సిమ్ రష్యాలో అడుగుపెట్టగానే 24 గంటలు డేటా, ఎస్సెమ్మెస్ ఆగిపోతాయి. నవంబరు 10 నుంచి రష్యన్ సిమ్‌లకు కూడా ఇదే వర్తిస్తోంది, విదేశాల నుంచి తిరిగొచ్చినా, 72 గంటలు వాడకుండా ఉంచినా. రష్యన్ సిమ్ అయితే ఆపరేటర్ పంపే లింకులో బొమ్మల పరీక్ష దాటాలి, లేదా ఫోన్ చేసి తామెవరో చెప్పుకోవాలి. అప్పుడు ముందే తెరుచుకుంటుంది. విదేశీ సిమ్‌కి ఆ సౌకర్యం లేదు, రోజంతా ఆగాల్సిందే. ఆ రోజు ఎస్సెమ్మెస్ కోడ్ రాదు కాబట్టి బ్యాంకూ తెరుచుకోదు, విమానాశ్రయం వైఫై కూడా తెరుచుకోదు. హోటల్ చిరునామా, వెళ్లే దారి కాగితం మీద ఉండాలి. కలినిన్‌గ్రాద్, ప్స్కోవ్ లాంటి సరిహద్దు ప్రాంతాల వాళ్లది ఇంకో వింత బాధ. ఇంట్లో కూర్చున్నా ఫోన్ పక్క దేశపు టవర్ పట్టుకుంటుంది, మళ్లీ సొంత టవర్‌కి రాగానే ‘విదేశాల నుంచి వచ్చావు’ అని తాళం పడుతుంది. మందు ఒకటే: నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి తీసేసి సొంత ఆపరేటర్‌ని చేత్తో పెట్టుకోవడం.

విదేశీయులు కొత్త సిమ్ కొనాలంటే 2025 జనవరి 1 నుంచి వరుస ఇది: స్నిల్స్ అనే బీమా నంబరు తీసుకోవాలి, గోస్‌ఉస్లూగిలో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, బ్యాంకులో ముఖం, గొంతు నమోదు చేయించాలి, తర్వాత ఆపరేటర్ దుకాణానికి ఫోన్ తీసుకెళ్లి దాని ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కి ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు, రాయించాలి. ఏ ఒక్కటి వెనకాముందైనా కౌంటర్ దగ్గర నుంచి తిరిగి రావాల్సిందే. ఆ సిమ్‌ని తీసి ఇంకో ఫోన్‌లో పెడితే పనిచేయదు, ఫోన్ మార్చితే కొత్త నంబరు మళ్లీ రాయించాలి.

జీపీఎస్ కథ ఇంకా పాతది. క్రెమ్లిన్ పక్కన నిలబడి మ్యాపు తెరిస్తే మాస్కో శివార్లలోని వ్నూకొవొ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపడం 2016లోనే మొదలైంది. డ్రోన్ల దాడులు పెరిగాక ఆ తప్పుడు సంకేతాలు ఊరంతా పరచుకున్నాయి. విమానాశ్రయమే ఎందుకంటే, బజార్లో దొరికే చాలా డ్రోన్లకు విమానాశ్రయాల మీద ఎగరొద్దని లోపలే రాసి ఉండేది. తాను వ్నూకొవొలో ఉన్నానని నమ్మితే అలాంటి డ్రోన్ దిగిపోయేది. నమ్మేది డ్రోన్ ఒక్కటే కాదు, టాక్సీ కూడా. నెట్ ఉన్నప్పుడు యాండెక్స్ చుట్టుపక్కల వైఫై పేర్లు, టవర్ల ఆధారంగా సర్దుకుంటుంది. డేటా కూడా ఆగిన రోజు ఆ ఊతమూ ఉండదు. అందుకే ‘నేనున్న చోటు’ అన్న చుక్కని నమ్మకుండా వీధి పేరు, ఇంటి నంబరు, గుమ్మం నంబరు చేత్తో కొట్టాలి.

యూట్యూబ్ 2024 వేసవి నుంచి నెమ్మదించింది. గూగుల్ సర్వర్లు పాతబడ్డాయని అధికారికంగా చెప్పారు. అసలు పని చేసేది దారిలో వెళ్లే డేటాని వడగట్టే ‘తేఎస్‌పేఊ’ అనే పెట్టెలు. 2019 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం కింద ప్రతి ప్రొవైడర్ దగ్గరా వీటిని పెట్టారు. సురక్షిత సైటుకి ఫోన్ పంపే మొట్టమొదటి పలకరింపు ప్యాకెట్‌లో సైటు పేరు తాళం లేకుండా ఉంటుంది. పెట్టె చదివేది ఆ పేరునే. గూగుల్ వీడియో సర్వర్ పేరు కనిపిస్తే వేగం గొంతు పిసుకుతుంది. గుడ్‌బైడీపీఐ, జాప్రెత్ లాంటి, సొంత కంప్యూటర్లోనే నడిచే పనిముట్లు చేసేది ఇంతే: ఆ పలకరింపుని రెండు ముక్కలు చేసి పేరు మధ్యలో విరిచేస్తాయి. సర్వర్ కలుపుకుంటుంది, పెట్టె కలుపుకోలేకపోతుంది. పెట్టెకి కొత్త నియమం నేర్పిన మర్నాడు ఇది ఆగిపోతుంది, మళ్లీ వేరే విరుపు వెతకాలి. ఇవాళ పనిచేసిన అమరిక పక్కింటి ప్రొవైడర్ దగ్గర పనిచేయకపోవడం మామూలే.

ఈ పెట్టెలు ఎంత మొరటువో 2021 మార్చిలోనే బయటపడింది. ట్విట్టర్ పొట్టి లింకుల చిరునామా ‘టీ డాట్ సీఓ’ని నెమ్మదించబోయి, పేరులో ఎక్కడైనా ఆ అక్షరాల వరుస ఉన్న ప్రతి సైటునీ పట్టుకున్నాయి. మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి, చివరి ‘టీ’ నుంచి మొదలుపెట్టి.

వీపీఎన్‌ల వేట వేరే. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి పంపే మొదటి సందేశం ఎప్పుడూ 148 బైట్లే, లోపల ఏముందో చదవకుండానే కొలత చూసి పట్టేయొచ్చు. 2023 ఆగస్టు నుంచి ఓపెన్‌వీపీఎన్‌తో పాటు దాన్నీ ఆపసాగారు. తర్వాత వచ్చినవి చెత్త బైట్లు కలిపి కొలత మారుస్తాయి, లేదా మామూలు సైటు చూస్తున్నట్టు వేషం వేస్తాయి. 2025 జూన్ నుంచి, సైట్లకు వేగం, రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వెనకున్న చాలా సైట్లు మొదటి 16 కిలోబైట్లు ఇచ్చి బిగుసుకుపోతున్నాయి. పేజీ శీర్షిక వస్తుంది, బొమ్మలు రావు. తప్పు మన రౌటర్‌దేమోనని దాన్ని పదిసార్లు ఆపి వేసినవాళ్లు ఎందరో. వీపీఎన్ వాడితేనే జరిమానా లేదు, ప్రచారం చేస్తే ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి ‘తీవ్రవాద’ జాబితాలోని సమాచారాన్ని తెలిసి వెతికితే 3 వేల నుంచి 5 వేల రూబుళ్లు.

2025 ఆగస్టు 13న వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌కి అడ్డం పెట్టారు. సెప్టెంబరు 1 నుంచి కొత్త ఫోన్లలో మాక్స్ ముందే ఎక్కించి అమ్మాలి. బడి గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు అటు మారాక ఇష్టంలేనివాళ్లూ పెట్టుకోక తప్పలేదు. కొందరు దానికోసం పాత ఫోన్ ఒకటి విడిగా ఉంచారు. మొదట్లో రష్యా, బెలారస్ నంబర్లకే ఖాతా ఇచ్చారు కాబట్టి, దేశం వదిలి వెళ్లిన పిల్లలతో అమ్మానాన్నలు మాట్లాడడానికి అది పనికిరాలేదు.

మగపిల్లలున్న ఇళ్లలో అసలు భయం గోస్‌ఉస్లూగి ఆప్ మోగడం. సైన్యంలోకి పిలిచే నోటీసు, ‘పొవేస్త్కా’, ఇప్పుడు ఎలక్ట్రానిక్ రిజిస్టరులో పెడితే చాలు. 2023 ఏప్రిల్ చట్టం ప్రకారం పెట్టిన 7 రోజులకి, చూసినా చూడకపోయినా, అందినట్టే లెక్క. దేశం దాటడం మాత్రం పెట్టిన రోజునుంచే కుదరదు. చెప్పిన తేదీ తర్వాత 20 రోజుల్లోపు వెళ్లకపోతే బండి నడపడం, అప్పు తీసుకోవడం, ఇల్లు రిజిస్టర్ చేయించడం అన్నీ ఆగుతాయి. ఆప్ తీసేసినా, ఖాతా మూసేసినా లాభం లేదు. రిజిస్టరు వేరు, ఆప్ వేరు.

వినోదానికీ ఇలాంటి అతుకులే. 2022 మార్చిలో హాలీవుడ్ స్టూడియోలు సినిమాలు పంపడం ఆపేశాయి. కొత్త విదేశీ సినిమాలు మాత్రం అనుమతి లేకుండానే థియేటర్లలో ఆడుతూనే ఉన్నాయి, రష్యన్ డబ్బింగుతో సహా. హాలు వాడు అమ్మేది పది నిమిషాల రష్యన్ చిట్టి సినిమాకి టికెట్. దానికి ముందు ‘ఆటకు ముందు సేవ’ పేరుతో రెండు గంటల విదేశీ సినిమా ఉచితంగా వేస్తారు. కొత్తగా వెళ్లేవాళ్లు వెబ్‌సైటులో అసలు సినిమా పేరు వెతికి, లేదనుకుని వెనక్కి వస్తారు. చూడాల్సింది పేరు కాదు, నిడివి: పది నిమిషాల సినిమా ఆటకీ ఆటకీ మధ్య రెండున్నర గంటలు ఉందంటే అదే. పెద్ద సినిమా అయ్యాక దీపాలు వెలుగుతాయి, జనం కోట్లు వేసుకుని లేస్తారు. టికెట్ మీద పేరున్న సినిమా చాలాసార్లు ఖాళీ కుర్చీలకే ఆడుతుంది.